నాలుగో వరస, మూడో గిన్నె

తీర చిత్రాల పోటీ, పందొమ్మిదో ఏడు. పరిశీలకురాలు తాటిపూడి హైమావతి దినచర్య పుస్తకం.

మొదటి రోజు

ఈ పుస్తకం పెన్నుతోనే రాయాలని నియమం. తెర మీద రాస్తే వెనక్కి వెళ్లి దిద్దుకోవచ్చు. ఇతరుల దిద్దుబాట్లు పట్టుకునే మనిషి తన రాత దిద్దుకుంటే ఏం బాగుంటుంది? తప్పు రాస్తే అడ్డగీత కొట్టాలి, గీత కింద తప్పు కనబడుతూనే ఉండాలి. ఈ నియమం పెట్టినవాళ్లంటే నాకు చాలా గౌరవం. ~~చేయి నొప్పి తప్ప.~~ చేయి నొప్పి కూడా ఉంది.

పొద్దున సముద్రం మా వీధి మెట్లలో పదకొండోదాకా వచ్చి వెనక్కి తగ్గింది. బ్యాటరీలు ఎండలో పెట్టి, నాచుపిండి దోసెలు రెండు తిని పనిలో కూర్చున్నాను. ఈ ఏడాది ఆరు వందల పద్దెనిమిది చిత్రాలు వచ్చాయి. పేర్లుండవు, అంకెలే. గట్టుమీదపేటలో మేడల్లో ఉండేవాడిదో, తెప్ప మీద బతికేవాడిదో మాకు తెలియకూడదు.

నిబంధనల పుస్తకం మొదట్లోనే, కెమెరాతో తీసిన చిత్రాన్ని ఏం చేసుకోవచ్చో రెండు ముక్కల్లో రాసి పెట్టాం. చుట్టూ కత్తిరించుకోవచ్చు, వంకర సరిచేసుకోవచ్చు, వెలుతురు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు, అద్దం మీద పడిన దుమ్ము తుడుచుకోవచ్చు. లేనిది పెట్టకూడదు, ఉన్నది తీయకూడదు, ఒకచోటిది ఇంకోచోట అతికించకూడదు. ఇంత తేలిగ్గా చెప్పినా ఈరోజు ఒక్కరోజే నలభై సందేహాలు వచ్చాయి. ఒకాయన తన చిత్రం అంచున నిలబడ్డ బావమరిదిని దుమ్ము కింద లెక్కేసి తుడిచేయవచ్చా అని అడిగాడు. బావమరిది దుమ్ము కిందకు రాడని జవాబు రాశాను. ఇంకొకావిడ, తన చిత్రంలో సముద్రం వంకరగా ఉన్నా సరిచేయనని, ఆరోజు తెప్ప నిజంగానే ఒరిగిందని, సరిచేస్తే అబద్ధమవుతుందని రెండు పేజీలు రాసింది. కంట్లోనే కెమెరా పెట్టించుకున్న ఒకాయనకు రెప్ప వేయడం కత్తిరింపు అవుతుందా అని అనుమానం.

వీళ్లను నేను వెక్కిరిస్తానని ఫజులుల్లా గారు అంటారు. ఆయన మా సంఘం అధ్యక్షుడు. వెక్కిరించడం నిజమే కానీ, వీళ్లంటే నాకు ప్రాణం. నా ఎనిమిదో ఏట మా ఊరి కట్ట చెక్కుచెదరలేదని చూపించే చిత్రం ఇంటింటికీ వచ్చింది. బంగారంలాంటి కట్ట, పచ్చటి గడ్డి. అది చూసి మా వీధిలో ఎవరూ కదల్లేదు. కట్ట అప్పటికే తెగింది. ఆ రోజులు చూసినదాన్ని కనుక, బావమరిదిని తుడవచ్చా అని ముందుగా అడిగే మనిషి నాకు దేవుడిలా కనిపిస్తాడు.

రెండో రోజు

నాలుగు వందల పన్నెండో చిత్రం చూశాను. చూసి కాసేపు పని మానేశాను.

ఎత్తునుంచి తీసింది. తెప్ప పలకల మీద ఆరు వరసల్లో ఆరేసి గిన్నెలు, మొత్తం ముప్పై ఆరు. ప్రతి గిన్నెలోనూ ఒకే మట్టానికి నీళ్లు, ప్రతి గిన్నెలోనూ తెల్లవారిన ఆకాశం ముక్క. అంతకుమించి అందులో ఏమీ లేదు. మనుషులు లేరు. అయినా ఎవరో ఎంతో ఓపికగా, ఎంతో భయభక్తులతో ఆ నీళ్లు పోశారని తెలిసిపోతోంది. పందొమ్మిదేళ్లుగా ఈ పని చేస్తున్నాను, నీళ్ల బొమ్మలు వేలు చూశాను. ఇలాంటిది చూడలేదు.

పదిహేను నిమిషాల తర్వాత జల్లెడ తీర్పు వచ్చింది. జల్లెడ అంటే మా తనిఖీ యంత్రం. "ఒక గిన్నె అసలు. ముప్పై ఐదు దాని నకళ్లు. అతికింపు రుజువైంది." కింద ఎర్ర గీత. ఎనిమిదో రోజు మధ్యాహ్నంలోగా మనిషి ఎవరైనా దీన్ని కాదనకపోతే తీసినవాళ్ల పేరు మీద మచ్చ పడుతుంది.

మచ్చ పడితే ఏడేళ్లపాటు ఆ మనిషి తీసిన ఏ చిత్రమూ ఎక్కడా సాక్ష్యంగా చెల్లదు. కట్ట తెగిన రోజుల తర్వాత తెచ్చిన చట్టం అది, మంచిదే. కానీ ఇప్పుడు పుట్టుకకూ చావుకూ, తెగిన వలకూ, అందిన రేషనుకూ అన్నిటికీ చిత్రమే సాక్ష్యం. మచ్చ పడ్డవాళ్లు తాము బతికున్నామని చూపించడానికి కూడా పక్కింటివాళ్లను పిలుచుకోవాలి.

తగాదా వస్తే పేరు చూసే అధికారం నాకుంది. చూశాను. మైలపల్లి నూకరత్నం, ఇరవై ఆరేళ్లు, తిప్పపాలెం తెప్పల ఊరు. పని: ఊరి సాక్షి. ఊళ్లో జరిగేవన్నీ చిత్రం తీసి పంపడమే ఆ అమ్మాయి ఉద్యోగం. మచ్చ పడితే ఆ పని ఆరోజే పోతుంది.

మూడో రోజు

నూకరత్నానికి ఫోను చేశాను. జల్లెడ తీర్పు చదివి వినిపించాను.

"ఏటండీ మేడమ్ గారూ, ముప్పై ఐదు గిన్నెలు నాను అతికించీసినానంటాదా ఆ మిషను? మా తాత సేతులతో పోసిన నీళ్లండీ అయ్యి!"

"తాత ఎవరమ్మా?"

"మైలపల్లి మసేనయ్య. మా ఊరికి నీళ్లు పంచీది ఆయనే. ముప్పై ఒక్క ఏళ్లనుండి పంచతన్నాడు. ఒక్కనాడు ఒక్క గడప మాటన్నాది నేదు."

నీళ్ల సంగతి అడిగాను. చెప్పింది. వాళ్ల తెప్పల చుట్టూ మంచు వలలు కట్టి ఉంటాయి. తెల్లవారుజామున పొగమంచు వలలకు పట్టుకుని చుక్కలు చుక్కలుగా తొట్టిలోకి దిగుతుంది. ఎండాకాలం నాలుగు నెలలూ తాగడానికి ఆ నీళ్లే. మీటరు పెట్టిన రోజుల్లో అంకెలు ఎవరో మార్చారట, ఊరు రెండుగా చీలిపోయిందట. అప్పట్నుంచి మీటరు తీసేశారు. గడపకొక గిన్నె, అన్నీ ఒకే అచ్చులో పోసినవి. ఒక మనిషి పోస్తాడు, ఊరంతా చూస్తుంది. రోజుకో ఇంటివాళ్లు మొదట వచ్చి తమకు నచ్చిన గిన్నె తీసుకుంటారు, వాళ్ల వెనక మిగతావాళ్లు. పోసినవాడు ఆఖర్న మిగిలింది తీసుకోవాలి.

"అంటే ఎక్కడైనా తగ్గితే..."

"ఆయనకే తగ్గుతాది. మరి సమానంగా పొయ్యడా ఏటి?"

ఫోను పట్టుకుని నవ్వాను. మేము ఆరు వందల చిత్రాలకు నలభై పేజీల నిబంధనలు రాసుకున్నాం. వాళ్లు ఒక్క మాటతో సరిపెట్టారు.

కెమెరాలో పడ్డ పచ్చి ఫైలు ఉందా అని అడిగాను. చిన్న కెమెరా అనీ, ఉంచలేదనీ చెప్పింది. ఆ మాట మాత్రం కొంచెం ఆలస్యంగా వచ్చింది.

నాలుగో రోజు

భూతద్దంతో కూర్చున్నాను. చదరం చదరంగా గీతలు గీసుకుని, ఒక్కో గిన్నెలో తేడా ఏముందో వెతికాను. మొదటి వరస రెండో గిన్నెలో అంచున చిన్న బుడగ. మూడో వరస ఐదో దాంట్లో నూలుపోగంత దారం తేలుతోంది. ఒకదాని పెదవి మీద గీత, ఒకదానికి అచ్చులో పడ్డ పొక్కు. మధ్యాహ్నానికల్లా నాకు పండగలా అయింది. జల్లెడకు గిన్నెలన్నీ ఒకటే అనిపించాయంటే, మసేనయ్య గారు యంత్రం తేడా పట్టలేనంత సమానంగా పోశాడన్నమాట. మనిషి చేయి అంత సమంగా పనిచేయదని జల్లెడకు నేర్పింది మేమే. మేము చూసిన చేతులు అలాంటివి మరి.

సాయంత్రానికి ముప్పై నాలుగు గిన్నెలు వేరని తేలింది. రెండు మిగిలాయి. నాలుగో వరసలో రెండోదీ మూడోదీ. రెండింట్లోనూ ఎడమ అంచున మూడు బుడగలు, ఒకే దూరంలో. రెండింటి పక్కనా పలక మీద ఒకే చీలిక.

~~యాదృచ్ఛికం కావచ్చు.~~ కాదు, యాదృచ్ఛికం కాదని నాకు తెలుసు. అయినా ఆ మాట రాశాను. అడ్డగీత కింద ఉండనీ.

ఫజులుల్లా గారికి చెప్పాను. రెండు గిన్నెల సంగతి చెప్పలేదు, ముప్పై నాలుగు గిన్నెల సంగతి చెప్పాను.

"హైమావతి గారూ, జల్లెడను కాదనాలంటే మనిషి వెళ్లి కళ్లారా చూడాలి. నియమం మీరు రాసిందే కదండీ," అన్నారాయన.

"వెళ్తానండీ."

"సముద్రం మీద మీకు వాంతులు కదా?"

"నియమం నేను రాసిందే కదండీ."

ఐదో రోజు

వాంతులయ్యాయి. అంతకంటే రాయను.

తిప్పపాలెం ఊరు మునిగి నలభై ఏళ్లయింది. పేరు మాత్రం తెప్పల మీదకు తెచ్చుకున్నారు. ముప్పై ఆరు తెప్పలు మోకులతో కట్టుకుని, మధ్యలో పెద్ద పలకల అరుగు. చుట్టూ మంచు వలలు పొడుగ్గా, తెల్లగా. నూకరత్నం చేయిచ్చి ఎక్కించింది. సన్నగా, చురుగ్గా ఉంది. మాట్లాడేటప్పుడు కళ్లలోకి చూడదు. కెమెరా మెడలో ఉంది, దాన్ని ఒక చేత్తో పట్టుకునే తిరుగుతోంది.

మసేనయ్య గారికి డెబ్బై నాలుగేళ్లు. పొట్టిగా, గట్టిగా ఉన్నాడు. నన్ను చూసి మొదట అడిగిన మాట, "దాహమేస్తన్నాదా తల్లీ?" తన గిన్నెలోంచే నాకు పోశాడు. సగం తాగాక గానీ అది ఆయన రోజంతటి నీళ్లని నాకు తట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆరో రోజు

తెల్లవారగానే అరుగు మీద ఊరంతా చేరింది. ఎవరూ మాట్లాడలేదు. మసేనయ్య గారు ముంతతో తొట్టిలో నీళ్లు ముంచుకుని మొదటి గిన్నె దగ్గర ఆగాడు. తెప్ప ఊగుతోంది. ఒక అల వెళ్లి ఇంకోటి వచ్చేలోగా రెండు క్షణాలు తెప్ప సమంగా నిలుస్తుంది. ఆ రెండు క్షణాల్లోనే పోస్తాడు. మళ్లీ ఆగుతాడు. ముప్పై ఆరు సార్లు. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని, చెంప పలకకు ఆనించి, వరసల వెంట చూసి, చిన్న గవ్వతో ఇక్కడో చుక్క తీసి అక్కడ వేస్తాడు. నేను తెచ్చిన కొలత పుల్లతో పరీక్షించాను. గోరు మందం తేడా లేదు. ఊగే తెప్ప మీద! నా జీవితంలో చేతిపని అంటే ఏమిటో ఈరోజే చూశాను. చప్పట్లు కొట్టబోయి, అందరూ మౌనంగా ఉన్నారని మానుకున్నాను.

అప్పుడు జరిగింది. నాలుగో వరసలో గవ్వతో సరిచేస్తుండగా ఆయన ముంజేయి ఒక్కసారి అదిరింది. గిన్నె ఒరిగి నీళ్లు పలక మీద పడ్డాయి. తొట్టి అప్పటికే ఖాళీ. ఆ గిన్నెలో నీళ్లు రెండు వేళ్ల మందం తగ్గాయి. ఆయన దాన్ని నిలబెట్టి, చేయి ఒళ్లో దాచుకుని లేచాడు.

ఊరివాళ్లు వరసగా వచ్చారు. తలో గిన్నె తీసుకున్నారు. ఆ తగ్గిన గిన్నె వైపు ఒక్కరూ చూడలేదు. చూడకుండానే అందరూ దాన్ని వదిలేశారు. ఆఖర్న మసేనయ్య గారు వచ్చి దాన్ని తీసుకుని వెళ్లిపోయాడు.

నూకరత్నాన్ని వలల దగ్గరకు తీసుకెళ్లాను.

"ఫొటో తీసిన రోజు కూడా ఇలాగే ఒలికిందా?"

కెమెరాను రెండు చేతులతో పట్టుకుంది.

"నాలుగో వరస, మూడో గిన్నె. పక్క గిన్నె తెచ్చి దాని మీద అతికించావు. అవునా?"

"అవునండీ." ఏడ్చేసింది. "పచ్చి ఫైలు కూడా ఉన్నాదండీ. అబద్ధమాడినాను."

కెమెరాలో చూపించింది. అదే చిత్రం. ముప్పై ఐదు గిన్నెలు నిండుగా, సమంగా. నాలుగో వరసలో ఒక గిన్నె తగ్గి, పక్కన తడి మరక. ఎంత బాగుందో చెప్పలేను. ఆ ఒక్క గిన్నె ఉంటేనే మిగతా ముప్పై ఐదూ ఎంత కష్టపడి నిండాయో తెలుస్తోంది. పిచ్చిపిల్ల, ఉన్నది తీసేసి లేనిది పెట్టి, బంగారంలాంటి చిత్రాన్ని తన చేత్తో పాడుచేసుకుంది.

"ఎందుకమ్మా?"

"మా ఊరి కట్టుబాటండీ. ముప్పై ఆరింట్లో ఒక్కటి తగ్గినా పోసినోడు ముంత దింపీయాల, మరి పొయ్యకూడదు. రెండు నెల్లనుండి తాత సెయ్యి వణుకుతన్నాది. ఆ తగ్గింది ఆయనే తాగీసి ఊరుకుంటన్నాడు. బొమ్మ బయటికెల్తే లోకమంతా సూస్తాది. ముంత పోతే ఆయన బతకడండీ."

మా పోటీ పదకొండో నియమం చదివి వినిపించాను. ఫలితాలకు ముందే తన నోటితో ఒప్పుకుంటే చిత్రం మాత్రమే పోతుంది, మచ్చ పడదు. కానీ ఏం చేశారో, ఎందుకు చేశారో అందరికీ కనబడేలా ప్రకటించాలి.

"అయితే ఒద్దండీ. మచ్చే ఎయ్యండి. అతికించినాదని రాసీయండి. ఎందుకని మాత్రం రాయకండి."

"ఏడేళ్లు నీకు పని ఉండదు. తెలుసా?"

"తెలుసు."

నేను ఇంకొకటి కూడా చేయగలను. ముప్పై నాలుగు గిన్నెల విషయంలో జల్లెడ తప్పని నా దగ్గర రుజువుంది. "చిత్రం సక్రమం" అని సంతకం పెడితే అడిగేవాడు లేడు. ఆ రెండు గిన్నెల సంగతి నాకూ నూకరత్నానికీ ఈ పుస్తకానికీ తప్ప ఎవరికీ తెలియదు. బహుమతి కూడా దీనికే రావచ్చు. పెన్ను తీశాను. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, కానీ తీశాను. మొదటి రెండు అక్షరాలు రాశాను కూడా.

తర్వాత మిగతా ఆరు వందల పదిహేడు మంది గుర్తొచ్చారు. వంకర సముద్రాన్ని సరిచేయనన్న ఆవిడ, బావమరిదిని తుడవని ఆయన. కాగితం చింపేశాను. మరో కాగితం మీద ఏం రాయాలో తోచక అలాగే కూర్చున్నాను.

ఏడో రోజు

పొద్దెక్కాక, ఊరివాళ్లు వలలు ఆరబెడుతుంటే చూస్తూ కూర్చున్న నా పక్కన మసేనయ్య గారు వచ్చి కూలబడ్డాడు.

"మా నూకరత్నం గుంట నిన్నటినుండి తిండి ముట్టనేదు. ఏటి తల్లీ సంగతి? దాని బొమ్మ బాగోనేదా?"

చెప్పకూడదనుకున్నాను. ఆ ముఖం చూసి అబద్ధమాడలేకపోయాను. ఉన్నదున్నట్టు చెప్పాను. రెండు చిత్రాలూ చూపించమన్నాడు. నా తెర మీద పక్కపక్కన పెట్టాను. దిద్దిన చిత్రాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత నాలుగో వరస మీద వేలు పెట్టాడు. ఆ వేలు వణుకుతూనే ఉంది.

"ఈ గిన్నె ఎవులిదమ్మా?"

"అంటే?"

"మిగిలినయ్యన్నీ నాను పోసినాను. ఇది పొయ్యనేదు. నా దాని మీద ఎవులిదో తెచ్చి పెట్టీసినాది ఈ గుంట." నవ్వాడు, కళ్లు తుడుచుకున్నాడు. "తక్కువ పడ్డాదని సిగ్గెందుకు? ఎవులో ఒకరికి పడాల గదా. పోసినోడికి పడ్డాది. అలగే పడాలని గదా మా పెద్దోలు ఈ పద్ధతి పెట్టినారు."

"ముంత దింపాలంటున్నారు కదా తాతగారూ."

"దింపీయాలంటే దింపీస్తాను. కుసింత బాధగానే ఉంటాది. నాకోసరం అది ఏడేళ్లు మచ్చ మొయ్యడమేటి? నువ్వు రాసీ తల్లీ. ఎందుకు సేసినాదో కూడా రాసీ. రేపు పొద్దున్న నాను ఊరికి సెప్పీసుకుంటాను."

నూకరత్నాన్ని పిలిచి ఆయనే చెప్పాడు. ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపుతూనే ఉంది. ఆయన మాత్రం ఒకే మాట మీద ఉన్నాడు. చివరికి మధ్యాహ్నం నా ముందు కూర్చుని, తన నోటితో చెప్పింది. నేను రాసుకున్నాను.

గట్టుమీదపేటలోని మా సంఘం ఆఫీసుకు పంపిన తీర్పు ఇది. "412. ముప్పై ఐదు నకళ్లన్న జల్లెడ మాట తప్పు. నకలు ఒక్కటే. మిగతా ముప్పై ఐదూ మైలపల్లి మసేనయ్య గారు చేత్తో పోసినవి, నేను కళ్లారా చూశాను, కొలిచాను. నాలుగో వరస మూడో గిన్నెలో నీళ్లు తగ్గడం వల్ల, పోసినవారి చేతి వణుకు కనబడకూడదని, పక్క గిన్నెను దాని మీద అతికించినట్టు పోటీదారు స్వయంగా ఒప్పుకున్నారు. చిత్రం పోటీలో లేదు. మచ్చ లేదు. జల్లెడ పొరపాటును కూడా ఇంతే పెద్ద అక్షరాల్లో ప్రకటించాలి."

ఫజులుల్లా గారు ఫోను చేశారు. "నాకు ఆ చిత్రమే గెలుస్తుందనిపించిందండీ," అన్నారు.

"నాకూ అనిపించిందండీ."

ఎనిమిదో రోజు

ఈరోజు ఫలితాలు. నేనింకా తెప్ప మీదే ఉన్నాను, పడవ పది గంటలకు.

పొద్దున్నే అరుగు మీద ఊరంతా చేరింది. మసేనయ్య గారు మామూలుగానే పోశాడు. ముప్పై ఆరూ నిండాయి. గవ్వ తీసుకుని వంగాడు. రెండో వరసలో చేయి అదిరింది. నీళ్లు ఒలికాయి.

ఈసారి చేయి దాచుకోలేదు. నిలబడి, ముంతను పలక మీద బోర్లించి పెట్టాడు.

"రెండు నెల్లనుండి నా సెయ్యి వణుకుతన్నాది. తగ్గింది నానే తాగీసి మీకు సెప్పనేదు. నా మనవరాలు నాకోసరం బొమ్మ మార్చీసి మాట పడ్డాది. ఆ తప్పు నాది. కట్టుబాటు ప్రకారం ముంత దింపీసినాను. ఎవులు తీసుకుంటారో తీసుకోండి."

నూకరత్నం నా పక్కనే నిలబడింది. నా మోచేయి పట్టుకుంది, గోళ్లు దిగుతున్నాయి.

ఈరోజు మొదటి వంతు గనగళ్ల పోలమ్మది. ఊళ్లో అందరికంటే గట్టి నోరు ఆవిడది. మొన్న నేను కొలత పుల్ల తీస్తే, ఆ పుల్ల సరైనదని ఎవరు కొలిచారని నన్ను నిలదీసింది. ఆవిడ కొంగు బిగించి అరుగు మీదకు వచ్చింది. నిండు గిన్నెలు దాటుకుంటూ నడిచింది. రెండో వరసలో ఒలికిన గిన్నె దగ్గర ఆగి, వంగి, దాన్ని రెండు చేతులా ఎత్తుకుంది.

"నాను మొదటి వంతుదాన్ని. నాకు నచ్చింది తీసుకున్నాను. ఎవులైనా అడ్డమా?"

"పోలీ, అది తక్కువ..." అన్నాడు మసేనయ్య గారు.

"కళ్లు నేవా నాకు? రెండు నెల్లనుండి సూస్తన్నాం అందరం. నువ్వొక్కడివే మాకు కనబడ్డంనేదనుకున్నావు. ముంత తిరగెయ్యి తాతా. నీ సెయ్యి వణికినా నీయంత సమంగా పోసీవోడు ఈ సముద్రం మీద నేడు."

అంతే, అరుగు మీద గోల మొదలైంది. రేపు తగ్గింది మాకంటే మాకని రెండిళ్లవాళ్లు పోట్లాడుకున్నారు. ఇలా ఎవరికి నచ్చినట్టు వాళ్లు తీసుకుంటే కుదరదని, దీనికీ ఒక పద్ధతి ఉండాలని ఇంకొకాయన అరిచాడు. వరస రాసి పెట్టుకుందామన్నారు. ఊరి సాక్షి ఎక్కడని వెతికారు. నూకరత్నం కళ్లు తుడుచుకుంటూ వెళ్లి, వాళ్ల మధ్య కూర్చుని పేర్లు రాయడం మొదలుపెట్టింది. తగ్గిన గిన్నె మొదటిరోజు గనగళ్ల వారిది, రెండోరోజు చోడిపల్లి వారిది, అలా గడప గడపకూ. నాకు ఏడుపు ఆగలేదు. ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

గిన్నెలన్నీ వెళ్లాక అరుగు మీద ఒకటి మిగిలింది, అంచుదాకా నిండుగా. మసేనయ్య గారు దాన్ని తీసుకోవడానికి ముందు నూకరత్నం దగ్గరకు వెళ్లి ఆ కాగితంలోకి తొంగి చూశాడు.

"నా పేరు కూడా ఎక్కించు. ముప్పై ఆరు గడపలు గదా. నాను మాత్రం రోజూ నిండుది తాగడమేటి?"

"రాసినాను తాతా," అంది నూకరత్నం. "ఆఖర్న."